ఎర్రచుక్క డబ్బా

మా అత్తమ్మ దినాల నాడు, అల్వాల్‌లో ఆమె ఇంటి ముందు వేసిన షామియానా కింద, వంటాయన పప్పు గిన్నె మూత తీసి చేత్తో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. వడ్డించేవాళ్ళు గరిటెలతో ఎదురుచూస్తున్నారు. బంతిలో కూర్చున్నవాళ్ళు విస్తళ్ళ మీద నీళ్ళు చల్లుకుని తలలెత్తి చూస్తున్నారు.

"ఏమైంది, ఆగినవేంది?" అన్నాను.

"వాసన ఎవరు చూస్తరు సార్?" అన్నాడు.

మా ఇళ్ళలో ఏ శుభానికైనా అశుభానికైనా ఆయనదే వంట. వడ్డనకు ముందు అత్తమ్మ ప్రతి గిన్నె దగ్గరికీ వచ్చి, కొంగు జారకుండా ఒక చేత్తో పట్టుకుని, వంగి, ఒక్కసారి గట్టిగా పీల్చి "ఊఁ, పెట్టు" అనేది. ఆ "ఊఁ" లేకుండా గరిటె కదిలేది కాదు. మా చెల్లి పెళ్ళిలో మాత్రం పెరుగు గిన్నె దగ్గర ఆగి "ఇది పొద్దటిదా, రాత్రిదా?" అని అడిగింది. ఆయన మారుమాట్లాడకుండా పెరుగంతా మార్పించాడు. అది నిజంగా రాత్రిదో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగితే ఆయన నవ్వుతాడు, చెప్పడు.

ఇప్పుడు అందరూ నా వైపే చూస్తుంటే వంగి వాసన చూశాను. పప్పు వాసన వచ్చింది. అంతకు మించి నాకేం తెలియలేదు. "ఊఁ, పెట్టు" అన్నాను. బంతి చివర కుర్చీలో కూర్చున్న మా నాన్న, అంటే అత్తమ్మ తమ్ముడు, ఆ మాట విని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆమె పోయిందన్న సంగతి బంధువులందరికీ చెప్పాం. ఒక్క మనిషికే చెప్పలేదు. శ్రీలంకలో ఉంటుంది ఆమె. రోజూ ఫోన్ తీయడం, మళ్ళీ జేబులో పెట్టుకోవడం. భోజనాలయ్యాక ఈ రోజైనా చెప్పాలి అనుకున్నాను.

అనుమానం పెనుభూతం అంటారు. మా ఇంటికి ఆ భూతం నెలకు రెండుసార్లు అల్వాల్ నుంచి కాప్రాకు ఆటోలో వచ్చేది. ఎక్కేముందు ఆటో నంబరు ఫోటో తీసి మా నాన్నకు పంపేది. మోకాళ్ళ నొప్పులతో ఇంట్లో కూర్చున్న నాన్న ఆ ఆటోవాడిని ఏం చేయగలడో దేవుడికే తెలియాలి. "నంబర్ వచ్చిందా?" "వచ్చిందక్కా." "నేను దిగేదాక డిలీట్ చెయ్యకు." ఇంటికొచ్చి కూర్చున్నాక నీళ్ళిస్తే, గ్లాసు ఎత్తి వెలుతురులో చూసేది. కొన్న నీళ్ళ సీసా అయితే చెవి దగ్గర పెట్టుకుని మూత తిప్పేది. టక్‌మని విరిగిన చప్పుడు వినపడితేనే తాగేది.

ఒకసారి నా ముందే ఆమెకు బ్యాంకు నుంచి అని చెప్పి ఎవడో ఫోన్ చేశాడు. ఆధార్ నంబరు అడిగాడు. "ముందు నీ పేరు చెప్పు బిడ్డా. నాయన పేరు చెప్పు. మీ ఇంటి ముంగట ఏముంటది?" అని మొదలుపెట్టింది. పాపం వాడు రెండు జవాబులు చెప్పాడు కూడా. "ఇంటి ముంగట ఏముంటదో చెప్పనీకి ఇంతసేపా? అయితే అది మీ ఇల్లు గాదు" అని పెట్టేసింది. మా ఆవిడ తెనాలి వైపు మనిషి. ఎవరేం చెప్పినా మొదట నమ్మి, తరవాత ఆలోచిస్తుంది. ఒకసారి ధైర్యం చేసి, "నమ్మి చెడినవాళ్ళు లేరంటారు కదా అత్తయ్యగారూ" అంది.

"చెడినోళ్ళు వచ్చి నీకు చెప్పుకుంటరా బిడ్డా? తలుపేసుకొని ఇంట్ల కూసుంటరు."

ఈ అనుమానాలన్నిటికీ వేరు మా నాన్నే. నాన్న కుర్రవాడిగా ఉన్నప్పుడు మెదడువాపు జ్వరం వచ్చి, డాక్టర్లు ఆశ వదులుకున్నారట. అత్తమ్మ గుట్ట నర్సింహస్వామికి మొక్కింది. తమ్ముడు బతికితే, వాడు బతికున్నన్నాళ్ళూ చేపా మాంసం, ఏ నీసూ ముట్టనని. నాన్న బతికాడు. అప్పటి నుంచి ఆమెకు ప్రతి గిన్నెలోనూ తమ్ముడి ప్రాణమే కనిపించేది. హోటల్ గరిటె దేంట్లో ముంచారో, పక్కింటి నూనెలో అంతకుముందు ఏం వేయించారో ఎవరికి తెలుసు? అందుకే ఆ ముక్కు. మేం నవ్వుకునేవాళ్ళం గానీ నాన్న ఏనాడూ నవ్వలేదు.

ఆమె వంటింటి పై అరలో ఒక స్టీలు డబ్బా ఉండేది. పక్క సొట్టపోయి, మూత మీద ఎర్రటి గోళ్ళరంగు చుక్కతో. మా ఆవిడ ఒకసారి ఆవకాయ పెట్టడానికని దాన్ని దింపితే, అత్తమ్మ చేతిలోంచి లాక్కున్నంత పని చేసింది. "అది మనది గాదు. పైన పెట్టు." "ఎవరిదండీ?" "ఇయ్యాల్సినోళ్ళకు ఇస్త."

మా ఆవిడకు ఆ రోజే అనుమానం మొదలైంది. ఎందుకంటే ఎవరి గిన్నె అయినా ఒక్క రోజు మించి ఉంచుకునే మనిషి కాదు అత్తమ్మ. మేం కూర పంపిన గిన్నె మర్నాడే తిరిగొచ్చేది, తోమి, తుడిచి, లోపల గుప్పెడు చెక్కెరో రెండు నిమ్మకాయలో వేసి. ఏమీ దొరక్కపోతే కరివేపాకు రెమ్మ. గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదన్నది మా అందరి ఇళ్ళలో ఉన్న పట్టింపే. ఆమెకు అది మరీ ఎక్కువ. అట్లాంటి మనిషి పరాయివాళ్ళ డబ్బాను ఏళ్ళ తరబడి అర మీద ఎందుకు దాచుకున్నట్టు?

రెండేళ్ళ కింద ఎండాకాలం సెలవుల్లో మా పాపను ఎటైనా తీసుకుపోదామని మేం అనుకుంటుంటే, అత్తమ్మ తనంతట తానే నోరు తెరిచింది.

"శ్రీలంక పోదాం. పాత కోటలు, గుళ్ళు మస్తుగ ఉంటయంట. వ్యాన్ మాట్లాడుకొని తిరగొచ్చు. మస్కట్‌ల నాతోని నర్సు పని చేసిన దోస్తు సుత ఆడనే ఉంటది. రమ్మని ఒక్కటే పోరు పెడుతున్నది."

నేనూ మా ఆవిడా మొహాలు చూసుకున్నాం. కాప్రా చెరువు పక్క కొత్తగా వేసిన రోడ్డు మీద ఆటో ఎక్కనని మొండికేసే మనిషి సముద్రం దాటుతానంటోంది. అదీ పాత గోడలు చూడటానికి!

విమానాశ్రయంలో మా అనుమానం రెండింతలైంది. అత్తమ్మ ఒళ్ళో ఒక చేతిసంచి. ఎవరికీ ఇవ్వదు. తనిఖీ దగ్గర తీయించి చూస్తే, అదే ఎర్రచుక్క డబ్బా, నిండా నువ్వుల ముద్దలు. "నువ్వుల ముద్దలకు ఇంత కాపలా ఏంటండీ?" అని మా ఆవిడ నా చెవిలో గొణిగింది. "ఆ ముద్దల మధ్యలో బంగారం గట్రా ఏమన్నా పెట్టారేమో. అక్కడ కస్టమ్స్ వాళ్ళు పట్టుకుంటే మన గతేం కాను?" నేను కొట్టిపారేశాను గానీ, కొలంబోలో దిగి బయటపడేదాకా నా కళ్ళు ఆ సంచి మీదే ఉన్నాయి. అనుమానం ఆవులింత లాంటిది. ఒకరికి వస్తే పక్కవాళ్ళకూ వస్తుంది.

వ్యాన్ డ్రైవరు ఒకప్పుడు దుబాయ్‌లో పనిచేసి వచ్చినవాడు. మర్యాదస్తుడు. హిందీలో "నమస్తే అమ్మా" అన్నాడు. అత్తమ్మ వ్యాన్ నంబరు కాప్రాకు పంపించి, నన్ను పక్కకు పిలిచి, "గీనకు హిందీ ఎందుకొస్తది?" అంది. రెండు రోజులు ఆయన వెనక సీట్లోనే కూర్చుని, ఆయన ఎటు తిప్పితే అటు చూస్తూ, ఫోన్‌లో మ్యాపు తెరిచి పెట్టుకుంది.

అనురాధపురంలో విరిగిన స్తంభాలు అడవిలా నిలబడి ఉన్నాయి. పొలొన్నరువలో రాజుగారి మేడ అని చూపించిన చోట మందపాటి ఇటుక గోడలే మిగిలాయి. అత్తమ్మకు వాటి కథలేమీ అక్కర్లేదు. ప్రతి చోటా ఒకటే ప్రశ్న. "ఇది పడిపోయిందా, పడగొట్టిన్రా?" గైడ్ కొన్నిటికి పడిపోయిందనీ, కొన్నిటికి శత్రువులు పడగొట్టారనీ చెప్పేవాడు. పడిపోయినవాటిని ఒక చూపు చూసి నడిచేది. పడగొట్టినవాటి దగ్గర మాత్రం ఎండలో అట్లాగే నిలబడేది.

కొండరాతిలో చెక్కిన పడుకున్న బుద్ధుడి దగ్గర గైడ్, "రెండు పాదాలూ సమంగా లేవు చూడండి, ఇది నిద్ర కాదు, నిర్యాణం అని శిల్పి చెప్పిన గుర్తు" అన్నాడు. నేను దాన్ని తెలుగులో చెప్పాను. అత్తమ్మ వంగి పాదాలు చూసింది. "ఉలి జారింది. తప్పు చేసి, దానికి కథ కట్టిన్రు" అంది. మా పాప పడీ పడీ నవ్వింది. గైడ్ ఏమన్నదని అడిగితే, చాలా బాగుందన్నదని చెప్పాను.

మధ్యాహ్నానికి పాప ఎండకు వాడిపోయింది. మాకూ ఓపిక అయిపోయింది. టీ కొట్టు దగ్గర వ్యాన్ ఆపించి, "మీ దోస్తుకు ఫోన్ చేసి రాలేకపోతున్నమని చెప్దాం అత్తమ్మా. అలిసిపోయినం గద" అన్నాను.

అత్తమ్మ టీ కప్పు ముక్కు దగ్గరే పెట్టుకుని ఉంది. దించింది.

"ఫోన్ ఎందుకు? మనం వస్తున్నమని దానికి తెల్వదు."

"రమ్మని పోరు పెడుతున్నదంటివి?"

"అబద్ధమాడిన. మస్కట్‌ల పనిచేసిన నర్సులంతా వాట్సప్ గ్రూప్ పెట్టిన్రు. దాంట్ల దాని అడ్రస్ దొరికింది. ముందుగాల చెప్తే రావద్దంటదని చెప్పలే."

మా ఆవిడ నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తే. అప్పుడు అత్తమ్మ, ఆ కొట్టు బల్ల మీద కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, మొత్తం చెప్పింది.

మస్కట్‌లో ఇద్దరివీ పక్కపక్క గదులు. అత్తమ్మకు పచ్చకామెర్లు వచ్చి మంచం పట్టింది. ఆ దోస్తు డ్యూటీకి పోయేముందు వండి, ఈ డబ్బాలో పెట్టి ఇచ్చేది. ఉమ్మడి వంటింట్లో కలిసిపోకుండా తన గిన్నెల మీద గోళ్ళరంగు చుక్క పెట్టుకునేది. ఒకరోజు ఇంకొక నర్సు, "వాళ్ళు ప్రతి కూరలో ఎండుచేపల పొడి వేస్తారు, నీకు తెలియదా?" అంది. అంతే.

"దానికి నా మొక్కు సంగతి చెప్పే ఉన్న. ఎయ్యనని మాటిచ్చింది. అయినా నాకు అనుమానం పట్టుకున్నది. అడగొచ్చు గద? అడగలే. దినాం ఆ అన్నం పారేసుడు, డబ్బా కడిగి, చెక్కెర పోసి తిరిగిచ్చుడు. అది 'తిన్నవా సిస్టర్?' అంటే, 'మంచిగున్నది సిస్టర్' అనుడు. పారేసుడు ఒక పాపమైతే, ఆ చెక్కెర పోసుడు ఇంకో పాపం."

"తర్వాత?"

"ఒకనాడు చెంచా మర్చిపోయిన్నని ఎనక్కొచ్చింది. చెత్తబుట్టల అన్నం చూసింది. ఒక్క మాట అనలే. మర్నాడు సుత డబ్బా తెచ్చి తలుపు ముంగట పెట్టి పోయింది. ఆ డబ్బా తిన్న. ఏడ్సుకుంట తిన్న. చేప లేదు, ఏం లేదు. డబ్బాల ఏమన్న పోసి ఇద్దామని పోతే గదికి తాళం. వేరే ఊరి దవాఖానకు బదిలీ చేయించుకొని పోయింది." అత్తమ్మ సంచి మీద చెయ్యి వేసింది. "ఇన్ని గోడలు చూసినం గద. పడిపోయినయి వేరు, పడగొట్టినయి వేరు. ఇది నేనే పడగొట్టిన. గందుకే వచ్చిన. తలుపు తియ్యకపోతే డబ్బా గడపల పెట్టి వస్త."

టీ డబ్బులిచ్చి బయలుదేరాం.

దారిలో డ్రైవరు, ఇక్కడి ఇళ్ళల్లో కొబ్బరి పచ్చడిలోనైనా సరే చేపపొడి పడుతుందనీ, తినకపోతే ముందే చెప్పాలనీ హిందీలో హెచ్చరించాడు. అత్తమ్మ వేళ్ళు సంచి ముడిని విప్పుతూ, మళ్ళీ కడుతూ ఉన్నాయి.

చిన్న ఊరు, పెంకుటిల్లు. తెల్లజుట్టు పొడవాటి మనిషి వాకిట్లో బట్టలు తీస్తోంది. మమ్మల్ని చూసి ఆగింది. అత్తమ్మ నమస్కారం పెట్టలేదు, నవ్వలేదు. డబ్బా రెండు చేతులతో ముందుకు చాచింది.

"సిస్టర్. నీ డబ్బా. ఖాళీగా లేదు" అంది, గల్ఫ్ హిందీలో.

ఆమె మూత మీది ఎర్రచుక్కను బొటనవేలితో తడిమింది. మూత తీసింది. అత్తమ్మ కళ్ళలోకే చూస్తూ, డబ్బా ముక్కు దగ్గరికి తీసుకుని గట్టిగా వాసన చూసింది. అచ్చం అత్తమ్మ లాగే. అది వేళాకోళమో, ఎత్తిపొడుపో నాకు అర్థం కాలేదు. మా పాప నా చెయ్యి పట్టుకుంది. ఇప్పుడు ఆ డబ్బా మా మొహాన విసిరికొడుతుందనే అనుకున్నాను.

"ఊఁ" అంది ఆమె. "లోపలికి రండి."

లోపల కూర్చున్నాక అత్తమ్మ ఒక్క మాట కూడా దాచకుండా చెప్పింది. అనుమానపడ్డాననీ, పారేశాననీ, చెక్కెర పోసి అబద్ధమాడాననీ. ఆమె తల వంచుకుని విన్నది. మేం రాకముందు ఆమె పెట్టుకున్న రేడియో పక్కగదిలో ఏదో పాడుతోంది.

ఆమె తలెత్తి నవ్వింది.

"పారేసి మంచి పని చేశావు సిస్టర్. నీ ముక్కు గొప్పది. అందులో చేప ఉంది. నీకు బలం రావాలని నేనే వేశాను. దొరికిపోయానని సిగ్గేసి, చివరి రోజు వెయ్యలేదు. సిగ్గుతోనే వెళ్ళిపోయాను. తప్పు నాది."

నాకు గుండెల మీంచి బండ దించినట్టయింది. చూశావా, ఈమె అనుమానం చివరికి నిజమే అనుకున్నాను. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. అత్తమ్మ మాత్రం ఆ నవ్వే మొహాన్ని కన్నార్పకుండా చూస్తోంది, వెలుతురులో గ్లాసు చూసినట్టు.

భోజనం పెట్టింది. అన్నం, పప్పు, పనసకాయ కూర, ఎర్రటి కొబ్బరి పచ్చడి. నేను అత్తమ్మ ముక్కు వైపు చూస్తున్నాను. మా ఆవిడా చూస్తోంది. అత్తమ్మ వంగలేదు. పీల్చలేదు. పచ్చడి కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంది. మళ్ళీ ఇంకొంచెం వేయించుకుంది.

మా ఆవిడ మోచేత్తో నన్ను పొడిచింది. "చేప వేశానని ఆవిడ ఇప్పుడే కదండీ చెప్పింది! వాసనైనా చూడకుండా తినేస్తున్నారేంటి? అక్కడ మావయ్యగారు..." అని ఆగిపోయింది. నిజం చెప్తున్నాను, మొక్కుల మీద నమ్మకం లేదంటూ తిరిగే నేను, చెయ్యి కడుక్కునే నెపంతో బయటికి పోయి కాప్రాకు ఫోన్ చేశాను. నాన్న టీవీ చూస్తున్నాడు. "అక్క మంచిగ తింటుందా?" అని అడిగాడు.

వెళ్ళేటప్పుడు వాళ్ళిద్దరూ వాకిట్లో చేతులు పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. ఫోన్ నంబర్లు రాసుకున్నారు. వ్యాన్ మలుపు తిరగగానే నేను అడిగేశాను.

"అత్తమ్మా, చేప ఏసిన అన్నది గద. మళ్ళ ఆమె చేతి కూడు వాసన చూడకుండ ఎట్ల తిన్నవ్?"

"అది అబద్ధమాడింది రా."

"ఏంది?"

"నా తమ్ముని పానం మీద మొక్కని తెల్సి చేప ఏసే మనిషి గాదు అది. ఏసి ఉంటే వాసన నాకు తెల్వదా? ఏ దినం సుత రాలే. వాసన రాకున్నా పారేసిన, అదే నా తప్పు. నా బరువు దింపనీకి తప్పంత తన నెత్తిన ఏస్కున్నది."

"మరి ఆమెతోనే అనకపోయినవా?"

"ఎందుకు? అంత మంచిగ ఆడిన అబద్ధాన్ని పాడు చేస్తరా ఎవరన్న?"

ఆ తర్వాత ఆమె ఏమైనా మారిందా అంటే, కొలంబో విమానాశ్రయంలో కాఫీ వాసన చూసి వెనక్కిచ్చింది. ఇంటికొచ్చాక నెలకు రెండు ఆటో నంబర్లు వస్తూనే ఉన్నాయి. పోయే ముందురోజు కూడా, సెలైన్ సీసా మీది తారీఖు చదవమని నన్ను పోరింది. చదివాను. "మళ్ళ చదువు" అంది. మళ్ళీ చదివాక కళ్ళు మూసుకుంది.

దినాల నాటి సాయంత్రం, షామియానా విప్పుతుంటే, మెట్ల మీద కూర్చుని శ్రీలంకకు ఫోన్ చేశాను. చెప్పాను. అవతల ఆమె ఏడుస్తోందని ఊపిరి వల్ల తెలిసింది. నాన్న వెనక నుంచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"బేటా, ఒకటి అడుగుతాను" అందామె హిందీలో. "చేప సంగతి నేను ఆ రోజు చెప్పింది మీ అత్తమ్మ నమ్మిందా?"

నేను నాన్న వైపు చూశాను.

"నమ్మింది ఆంటీ. పూర్తిగా నమ్మింది" అన్నాను.

"లేదు బేటా," అందామె. "నమ్మి ఉంటే, ఆ రోజు నా అన్నం వాసన చూసి తినేది."